నక్క పడుకున్న చోట పూలు

నవంబరులో ఒక పొద్దున, స్కూలు బస్సుకు ఇంకా టైముండగా, మా పాప సీరియల్ గిన్నె ముందు కూర్చుని "అమ్మా, నా మౌత్ లీక్ అవుతుంది" అంది. నేను ఆఫీసు కాల్‌లో ఉన్నాను. మ్యూట్‌లో పెట్టి, తల తిప్పకుండానే "సరిగ్గా కూర్చుని తిను" అని కసిరాను. అది మళ్లీ అదే మాట అంది. అప్పుడు చూశాను. ఎడమ పెదవి చివర నుంచి పాలు కారి, గడ్డం మీదుగా స్వెటర్ మీద పడుతున్నాయి. నేను చూస్తున్నానని సిగ్గుపడి నవ్వింది. ముఖంలో కుడి సగమే నవ్వింది. ఎడమ సగం నన్ను ఎరగనట్టు ఊరికే ఉండిపోయింది.

కాల్ వదిలేశాను. దగ్గరికి వెళ్లి "కళ్లు మూయి నాన్నా" అన్నాను. "మూశా కదా" అంది. కుడి కన్ను మూసుకుంది. ఎడమ కన్ను తెరుచుకునే ఉండి నన్ను చూస్తోంది. "మూయవే" అని అరిచాను. "మూశానమ్మా!" అని అదీ అరిచింది, ఆ కన్నుతో నన్ను చూస్తూనే. ఇన్నేళ్లలో నేను చాలా వాటికి భయపడ్డాను, వీసాకు, లేఆఫ్‌కు, మంచులో కారు జారినప్పుడు. అవేవీ ఈ భయం కాలిగోటికి చాలవు.

మా అమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఆగస్టు చివర కరీంనగర్ నుంచి అమెరికాకు, పిస్కాటవేలో ఉన్న మా దగ్గరికి వచ్చింది, ఫిబ్రవరి దాకా ఉండాలని. ముప్పై ఏళ్లు లెక్కల టీచర్‌గా చేసి రిటైరైన మనిషి, దేనికీ తొణకదు. పాప ముఖం చూసి, కుర్చీ పట్టుకుని మెల్లగా కూలబడింది.

"మూతి వంకరవోయింది బిడ్డా. మా నాయినకు గిట్లనే అయింది. పక్షవాతం" అంది.

"ఎనిమిదేళ్ల పిల్లకు పక్షవాతమేందమ్మా!" అని అమ్మ మీద విరుచుకుపడ్డాను. ఎవరి మీదో ఒకరి మీద అరవాలి గదా. నేను కారు తాళాలు వెతికేలోగా అమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని పాప చుట్టూ తిప్పేసింది. నేను ఆపలేదు. నిజం చెప్పాలంటే ఇంకొక్కసారి తిప్పితే బాగుండుననిపించింది.

మా ఆయన కారు నడిపాడు. ఆయనది గుంటూరు వైపు. భయం వేస్తే ఆగకుండా మాట్లాడతాడు, నేను నోరు కుట్టేసుకుంటాను. "ఏం కాదే, నరం ఏదో పట్టేసి ఉంటుంది, మా బాబాయికి ఇలాగే మెడ పట్టేసింది, రెండ్రోజుల్లో తగ్గిపోయింది" అని దారంతా చెబుతూనే ఉన్నాడు. పాప వెనక సీట్లో కూర్చుని కిటికీ అద్దంలో తన ముఖం చూసుకుంటూ పెదవిని వేలితో పైకి లేపి పట్టుకుంది.

ఎమర్జెన్సీలో ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. కనుబొమలు ఎత్తమన్నాడు, బుగ్గలు పూరించమన్నాడు, గట్టిగా కళ్లు మూయమన్నాడు. పాప చేయగలిగిన మట్టుకు చేసింది. తర్వాత మమ్మల్ని అడగడం మొదలుపెట్టాడు. ఈ మధ్య హైకింగ్‌కి వెళ్లారా? లేదు. క్యాంపింగ్? లేదు. ఇంట్లో కుక్క ఉందా? లేదు. అడవిలోకి గానీ, పొడుగాటి గడ్డిలోకి గానీ? "నో డాక్టర్, మేం అవుట్‌డోర్ మనుషులం కాదు" అన్నాడు మా ఆయన, కొంచెం గర్వంగానే. నేనూ తలూపాను. మేం అబద్ధం చెప్పలేదు. మా లెక్కలో హైకింగ్ అంటే దానికంటూ బూట్లు, ఒక బ్యాగు, ఒక నీళ్ల సీసా ఉండాలి. మా శనివారాలన్నీ ఐసెలిన్‌లోని మనవాళ్ల షాపుల్లో కూరగాయలకూ, ఎవరో ఒకరి ఇంట్లో పుట్టినరోజు బిర్యానీకీ సరిపోతాయి.

డాక్టరు సరేనని కంప్యూటర్ వైపు తిరుగుతుంటే, పాప ఆ సగం పెదవితోనే ఆయనకు ఇంగ్లీషులో చెప్పింది. "మేం పూలు కోశాం కదా. ఫాక్స్ పడుకునే చోట."

ఆయన చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి.

పూలు కోసింది బతుకమ్మకు. అది అడవికి వెళ్లడమని నాకు గానీ, మా అమ్మకు గానీ, మాతో వచ్చిన ఇద్దరు స్నేహితురాళ్లకు గానీ ఒక్క క్షణం కూడా తోచలేదు. అది పండగ పని. ఐసెలిన్ షాపుల్లో బంతిపూలు దొరుకుతాయి, తెద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. "కొన్న పువ్వుతోని బతుకమ్మేంది? చెలకలల్ల, గట్ల మీద దానంతటది పూసిన పువ్వుండాలె" అంది. తంగేడు ఇక్కడ లేదు, గునుగు లేదు. కానీ మా వెనక కంచె అవతల, వాననీళ్లు నిలవడానికి తవ్విన పల్లం ఒకటుంది. దాన్ని దాటితే సన్నగా అడవి మొదలవుతుంది. ఆ అంచునంతా సెప్టెంబరు చివరికి నడుము ఎత్తున పసుపు కంకులు పూస్తాయి. వాటి మధ్య వంకాయరంగు చిన్న చేమంతుల్లాంటివి. కిటికీలోంచి వాటిని చూసిన రోజు నుంచీ అమ్మకు కాలు నిలవలేదు.

ఆ అంచున ఒక నక్క ఉండేది. మధ్యాహ్నం పూట కంచె వెంబడే నడుచుకుంటూ పోయేది, ఎర్రటి ఒళ్లు, నల్లటి కాళ్లు, ఆఫీసుకు వెళ్తున్నట్టు ఒకే టైముకు. మొదటిసారి చూసినప్పుడు మా ఆయన "నక్క తోక తొక్కినట్టే, ఇక గ్రీన్‌కార్డ్ వచ్చేసినట్టే లెక్క" అన్నాడు. నాకు మాత్రం మొదట్నుంచీ దడే. కరుస్తుందేమో, పిచ్చిదేమో, పాప వెనకపడుతుందేమో అని. అది ఎందుకు అక్కడికి వస్తోందో తర్వాత అర్థమైంది. అమ్మ రోజూ పొద్దున్నే కాకులకని గుప్పెడు అన్నం కంచె దగ్గర పెట్టేది. ఈ దేశపు కాకులకు మా సోనామసూరి నచ్చలేదు గానీ, ఎలుకలకు నచ్చింది. ఎలుకల కోసం నక్క వచ్చేది.

పూలు కోసిన రోజు మంచి ఎండ. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, తెంపిన కంకులన్నీ కొంగులో వేసుకుంది. పాప పట్టు పరికిణీలో ఉంది, బతుకమ్మ ఆట రిహార్సల్ నుంచి నేరుగా తీసుకొచ్చాను. పూల మధ్య ఒకచోట గడ్డి గుండ్రంగా అణిగి, పళ్లెంలా ఉంది. పక్కన రెండు ఈకలూ, ఎర్రటి బొచ్చు కొంచెం. "అమ్మమ్మా, ఫాక్స్ బెడ్!" అని పాప దాంట్లో ముడుచుకుని పడుకుంది, నక్కలాగే చేతుల మీద తల పెట్టుకుని. అందరం నవ్వాం. అమ్మ ఫోటో తీసింది. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. తీసేయడానికి చేయి రాదు, చూడ్డానికి కన్ను రాదు.

ఇంటికొచ్చి పూలన్నీ హాల్లో కార్పెట్ మీద పేపర్లు పరిచి పోశాం. సాయంత్రం అమ్మ పాపకు పూలజడ వేసింది. పూలజడంటే తెలిసిందే, జడ బిగించి అల్లి, పూలు దారంతో జడకే కుట్టేస్తారు. ఒకసారి వేస్తే విప్పడానికి మనసొప్పదు. మర్నాడు స్కూలు జిమ్‌లో బతుకమ్మ ఆట, ఆ తర్వాతి రోజు ఇంకొకరింట్లో. పాప ఆ జడతోనే బోర్లా పడుకుంది, ఆ జడతోనే ఆడింది. పూలలో పురుగులుంటాయని నేను దాని చేతులూ కాళ్లూ పొట్టా వీపూ అన్నీ చూశాను. మెడ మీద మాత్రం మూరెడు పూలజడ ఉంది.

విప్పిన రోజు అమ్మ సన్నదువ్వెన పెట్టి దువ్వుతుంటే, వెనక కుదుళ్లలో ఏదో అడ్డుపడింది. గట్టిగా లాగితే వచ్చింది. గోటి మీద పెట్టి చిదిమింది. రక్తం వచ్చింది. "మీ అమెరికాల పేను సుత గింత లావుంటదా!" అని నవ్వింది. అమ్మ పుట్టింది, పెరిగింది, పాఠాలు చెప్పింది అంతా టౌనులోనే. గేదెను దగ్గరగా చూసిన మనిషి కాదు, పశువులకు పట్టి రక్తం తాగే పిడుదు ఎలా ఉంటుందో ఆమెకేం తెలుసు? నాకు మాత్రం తెలుసా? పిల్లకు పేలు పడ్డాయని స్కూల్లో తెలిస్తే తలవంపులని, ఆ సాయంత్రమే పేల షాంపూ తెచ్చి దాని తల రుద్దేశాను.

ఇదంతా ఎమర్జెన్సీ గదిలో నేను చెబుతుంటే డాక్టరు పాప జుట్టు పాయలు పాయలుగా తీసి చూశాడు. ఏమీ కనిపించలేదు. పిడుదు కుట్టిన చోట మచ్చ వచ్చి ఉన్నా జుట్టు కింద వచ్చి, ఎవరూ చూడకుండానే పోయి ఉంటుందన్నాడు. రక్తం తీశారు. గుండెను కూడా చూడాలని ఛాతీ మీద వైర్లు అతికించారు. పిడుదు కుడితే వచ్చే లైమ్ అనే జబ్బే ముఖాన్ని ఇలా చేసి ఉంటుందట, అది గుండెకు కూడా పోతుందట. ఆ మిషను చప్పుడు వింటూ పాప చేయి పట్టుకుని కూర్చున్నాను. గోటి మీద నవ్వుతూ చిదిమిన ఒక చుక్క రక్తం మా పిల్లదేనని అప్పుడు తట్టింది.

గుండె బాగానే ఉందన్నారు. రక్తపరీక్ష లైమ్ అనే చెప్పింది. మందులు రాసిచ్చారు, పిల్లల్లో ఎక్కువమందికి ముఖం తిరిగి వస్తుందన్నారు. ఎక్కువమందికి. నా ఉద్యోగం ఒక మందుల కంపెనీలో, మందుల వల్ల ఎవరికి ఏం వికటించిందో వచ్చే నివేదికలు చదవడం. "ఎక్కువమంది" అనే మాట పక్కన ఎవరు మిగిలిపోతారో నాకు బాగా తెలుసు.

ఆ కన్ను రాత్రిళ్లు ఆరిపోకుండా మందు వేసి టేపు అంటించేవాళ్లం. పొద్దున టేపు తీసేటప్పుడు, రెప్ప దానంతటది కదులుతుందేమో అని చూసేదాన్ని. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి "కళ్లు మూసుకొని దండం పెట్టు బిడ్డా" అనేది. పాప చేతులు జోడించేది. ఒక కన్ను మూసుకునేది, ఇంకోటి దేవుడి పటాన్ని చూస్తూ ఉండేది. "అమ్మమ్మా, నేను గాడ్‌కి వింక్ చేస్తున్నా" అని అది నవ్వేది, మళ్లీ సగమే. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయేది. ఫిబ్రవరి చివర అమ్మ తిరుగు ప్రయాణం. పిల్ల మూతి సక్కగయ్యేదాకా చూసిపోతానో లేదో అని ఆమె బెంగ. సక్కగవకపోతే ఈ పిల్ల ఇలాగే పెద్దదవుతుందా అని నా బెంగ.

మా ఆయన బెంగ పడలేదు, కోపం తెచ్చుకున్నాడు. కోపమంతా నక్క మీద. "దాని పడకలోనేగా పడుకుంది? పిడుదులు దాని ఒంటి మీదవేగా? దాన్ని అక్కడి నుంచి లేపేయాల్సిందే" అని జంతువులను పట్టే కంపెనీకి ఫోన్ చేశాడు. పట్టిన నక్కను ఇంకో అడవిలో వదలరనీ, చంపేస్తారనీ వాళ్లు ఫోన్లోనే చెప్పారు. అయినా బుక్ చేశాడు, మంచు కాస్త తగ్గాక రమ్మని. నేను కాదనలేదు. నాకూ అది చావాలనే ఉంది. మధ్యాహ్నం కంచె వెంబడి అది పోతుంటే వెనక తలుపుకు గడియ వేసేదాన్ని. చెవుల అంచున బూడిదరంగు గింజల్లాగా ఏవో అంటుకుని ఉండటం కిటికీలోంచే కనిపించేది, లేదా కనిపించినట్టు నాకనిపించేది.

అలవాటు ఊరుకోనివ్వదు. ఏ నివేదిక వచ్చినా ముందు నేనడిగేది, ఇది నిజంగా దీనివల్లే జరిగిందా అని. నక్క విషయంలోనూ చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ భయం చోటు మారుతూ పోయింది. పిడుదు పిల్ల పుట్టినప్పుడు దాంట్లో ఈ జబ్బు ఉండదట. దాని మొదటి రక్తం ఎక్కువగా ఎలుకది, తెల్లకాళ్ల చిన్న ఎలుకది. జబ్బు అక్కడ అంటుకుంటుంది. పెరిగాక గడ్డి కొసకెక్కి, ముందుకాళ్లు చాపి, వెచ్చని ఒళ్లు ఏదైనా రాసుకుంటూ పోతుందేమో అని కాచుకుంటుంది. జింక వస్తే జింక, నక్క వస్తే నక్క, పట్టు పరికిణీ వస్తే పట్టు పరికిణీ. నక్క పిడుదులను మోస్తుంది, పడుకున్న చోట రాలుస్తుంది, అది నిజం. కానీ ఎలుకలను తినేదీ అదే. తినడం కూడా కాదు, అది తిరుగుతోందని తెలిస్తే చాలు, ఎలుకలు బొరియ విడిచి ఎక్కువ దూరం పోవట. ఎలుక తిరగకపోతే పిడుదు పిల్లకు ఎక్కడానికి ఒళ్లు దొరకదు. నక్కలు పోయిన చోట ఈ జబ్బు పెరుగుతుందని కొందరంటారు, అంత సులువుగా తేల్చలేమని ఇంకొందరు. పరిశోధన చేసేవాళ్లే ఒక్క మాట మీద లేరు.

"సుత్తి లేకుండా చెప్పు, ఉంచాలా పంపాలా?" అన్నాడు మా ఆయన.

"చెవుల మీద తెచ్చేదీ అదే, నోటితో తగ్గించేదీ అదే. నాకు తెలీదు" అన్నాను. అంతకన్నా భయం వేసే మాట నేనెప్పుడూ అనలేదు. ఒక శత్రువు ఉంటే కాస్త నిద్రైనా పడుతుంది. అమ్మతో మాత్రం, కంచె దగ్గర అన్నం పెట్టడం ఆ రోజే మాన్పించాను.

క్రిస్మస్ సెలవుల్లో పాప కన్ను మూసుకోవడం మొదలైంది, ముందు సగం, తర్వాత పూర్తిగా. పెదవి మాత్రం అలాగే ఉండిపోయింది. జనవరి అంతా స్ట్రాతో తాగింది. క్లాస్ ఫోటో రోజున స్కూలుకు పోనని ఏడ్చింది. ఫిబ్రవరి వచ్చింది. అమ్మ సూట్‌కేసులు హాల్లోకి వచ్చాయి, పచ్చళ్ల ఖాళీ డబ్బాలు కడిగి లోపల సర్దుకుంది. నక్కను పట్టేవాళ్లు గురువారం వస్తామన్నారు, అమ్మ ఫ్లైట్ శనివారం.

బుధవారం మంచు పడి స్కూలుకు సెలవిచ్చారు. మధ్యాహ్నం పాప కిటికీ దగ్గర నిలబడి "ఫాక్స్!" అని కేకేసింది. నేనూ అమ్మా వెళ్లాం. పల్లం దగ్గర తెల్లటి మంచులో అది కదలకుండా నిలబడి, తల పక్కకు వంచి, మంచు కింద ఏదో వింటోంది. ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరి, ముక్కు కిందికి పెట్టి మంచులోకి దూకింది. తోకా, వెనక కాళ్లూ మాత్రం పైకి కనిపిస్తూ గిలగిలా కొట్టుకున్నాయి. లేచేసరికి ముఖమంతా తెల్లగా ఉంది, నోట్లో ఎలుక ఉంది. పాప పగలబడి నవ్వింది.

అమ్మ నా మోచేయి పట్టుకుంది. గోళ్లు దిగేలా పట్టుకుంది.

"మళ్లొక్కసారి నవ్వు బిడ్డా" అంది.

"ఎందుకు అమ్మమ్మా?" అని పాప ఇటు తిరిగింది, ఆ నవ్వింకా ముఖం మీదే ఉంది. రెండు వైపులా ఉంది. ఎడమ చివర కొంచెం బద్ధకంగా, కానీ లేచింది. అమ్మ దాని బుగ్గలు రెండు చేతుల్లోకి తీసుకుని అలాగే ఉండిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు. పాపకేమీ అర్థంకాక మళ్లీ కిటికీ వైపు తిరిగింది, నక్క అప్పటికే వెళ్లిపోయింది.

మా ఆయనకు ఆఫీసుకు ఫోన్ చేసి, రేపటి మనుషులను వద్దని చెప్పమన్నాను.

"ఏంటి నువ్వనేది? నీకు భయం లేదా?"

"ఉంది. అది ఉన్నా భయమే, లేకున్నా భయమే. లేకుంటే ఇంకొంచెం ఎక్కువ."

ఆయన ఫోన్ పెట్టేశాడు. తర్వాత క్యాన్సిల్ చేశానని మెసేజ్ పెట్టాడు. శనివారం అమ్మ వెళ్లిపోయింది. వెళ్లేముందు పాప తల పాయలు తీసి చూసి, వదులుగా ఒక రబ్బర్‌బ్యాండ్ మాత్రం వేసింది.

ఒకసారి వచ్చిన జబ్బు మళ్లీ రాదని లేదన్నాడు డాక్టరు. అందుకే ఇప్పుడు రోజూ స్కూలు నుంచి రాగానే వెనక మెట్ల మీద కూర్చోబెట్టి దాని జుట్టు చూస్తాను. చెవుల వెనక, మెడ మీద, పాపిట పాపిట. మే నెల వచ్చింది. కంచె అవతల గడ్డి మోకాలెత్తు పెరిగింది. గసగసాలంత పిడుదు పిల్లలు కొసలకెక్కే కాలం ఇదే. నక్క కనబడి కొన్ని వారాలైంది. పట్టే కంపెనీకి ఇంకెవరైనా ఫోన్ చేశారో, రోడ్డు దాటుతూ చచ్చిపోయిందో, తనంతట తానే వేరే చోటికి పోయిందో తెలియదు. ఒకప్పుడు అది కనబడితే తలుపుకు గడియ వేసిన నేను, ఇప్పుడు మధ్యాహ్నం అయ్యేసరికి పని ఆపి కిటికీ దగ్గర నిలబడుతున్నాను.

"ఫాక్స్ ఎప్పుడు వస్తుంది అమ్మా?" అని పాప నిన్న అడిగింది.

"వస్తుందిలే" అన్నాను, వేళ్లు దాని జుట్టులోనే ఉన్నాయి. అప్పుడే షెడ్డు కిందనుంచి ఒక ఎలుక బయటికొచ్చింది. తెల్లకాళ్లది. పట్టపగలు, ఎండలో, గడ్డి మధ్యన ఆగి, మూతి తుడుచుకుని, ఏ తొందరా లేకుండా కంచె దాకా నడుచుకుంటూ పోయింది. నేను మళ్లీ మొదటి పాపిట నుంచి చూడటం మొదలుపెట్టాను.